ఎందరు, ఎప్పుడు, ఎక్కడ: రాయ్‌పూర్ తెలుగిళ్ల పెళ్లి ఖర్చు

తెలీబంధా కూడలి నుంచి రాయ్‌పూర్ విమానాశ్రయానికి వెళ్లే దారిని ఊరంతా వీఐపీ రోడ్డంటుంది. లగ్గాల సీజన్లో రాత్రి ఎనిమిది దాటితే ఆ రోడ్డు మీద బండి కదలదు. హోటళ్లు, రిసార్టులు, మ్యారేజ్ ప్యాలెస్‌లు, పచ్చిక గార్డెన్లు వరసగా ఉంటాయి. ఒక గేటు దగ్గర బారాత్ దిగుతుంటే పక్క గేటు దగ్గర బాణసంచా కాలుస్తుంటారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయ్యాక ఈ వైపంతా ఇలా పెరిగింది. అంతకుముందు తెలీబంధా అంటే ఒక చెరువు, ధమ్‌తరీ వెళ్లే చిన్న రైలు ఆగే స్టేషను. ఇప్పుడు చెరువు గట్టు మెరీన్ డ్రైవ్ అయింది. 2016లో అక్కడ 82 మీటర్ల జెండా స్తంభం లేచింది. చిన్న రైలు పట్టాలు పోయి ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఊరితో పాటే ఊళ్లో పెళ్లి కూడా ఖరీదెక్కింది.

ఈ ఊళ్లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం పూర్తయ్యాక విజయనగరం, శ్రీకాకుళం వైపు జనానికి ఇది రాత్రి రైలెక్కితే వచ్చేసే ఊరైంది. రైల్వేలో కొందరు, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారంలో కొందరు, ఆపైన కాంట్రాక్టులు, దుకాణాలు పెట్టుకుని కొందరు స్థిరపడ్డారు. మొదటి తరం తమ పిల్లల పెళ్లిళ్లు సొంతూళ్లకు వెళ్లి చేసింది. ఇప్పటి తరం ఇక్కడే చేస్తోంది. లేదంటే అక్కడ పెళ్లి, ఇక్కడ రిసెప్షన్ అని రెండు చోట్లా చేస్తోంది. పెళ్లి బడ్జెట్ గురించి రాసేవాళ్లు పూలు, లైట్లు, కార్డులతో మొదలుపెడతారు. రాయ్‌పూర్ తెలుగింట్లో మాత్రం, బంగారం పక్కన పెడితే, మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేసరికే ఖర్చులో ముప్పాతిక భాగం తేలిపోతుందని నా అభిప్రాయం. ఎంతమందిని పిలుస్తాం, ఏ రోజు చేస్తాం, ఏ ఊళ్లో చేస్తాం. మిగతావన్నీ ఆ మూడింటి వెనక వచ్చేవే.

ముందు, మనల్ని భయపెట్టే పెద్ద అంకెల సంగతి. 2024 జూన్‌లో జెఫ్రీస్ అనే పెట్టుబడుల సంస్థ మన దేశంలో ఏటా 80 లక్షల నుంచి కోటి దాకా పెళ్లిళ్లు జరుగుతాయనీ, ఆ మార్కెట్ సుమారు 13,000 కోట్ల డాలర్లనీ, ఒక్కో పెళ్లికి సగటున పన్నెండున్నర లక్షల రూపాయలవుతుందనీ అంచనా వేసింది. పిల్లవాణ్ణి బడిలో వేసింది మొదలు డిగ్రీ చేతికొచ్చేదాకా పెట్టే ఖర్చుకు ఇది రెట్టింపట. వర్తకుల సమాఖ్య సీఏఐటీ అదే ఏడాది నవంబరు, డిసెంబరు లగ్గాలకు 48 లక్షల పెళ్లిళ్లు, 5.9 లక్షల కోట్ల వ్యాపారం అని చెప్పింది. భాగించి చూస్తే అక్కడా పన్నెండు లక్షల పైచిలుకే వస్తుంది.

రెండూ వ్యాపారం వైపు నుంచి వచ్చిన లెక్కలే. మార్కెట్ ఎంత పెద్దదో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి గానీ మన పెళ్లికి ఎంత పెట్టాలో చెప్పవు. పది పెళ్లిళ్లు ఐదేసి లక్షల్లో అయిపోయి, పదకొండోది ఎనభై ఏడున్నర లక్షల్లో జరిగినా సగటు పన్నెండున్నరే. అయినా పత్రికలో ఆ అంకె చదివిన తండ్రి, "అందరూ పెట్టేదే కదా" అని తన ఎనిమిది లక్షల ఆలోచనను పన్నెండు చేసుకుంటాడు.

ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకు మన దగ్గర పాత చరిత్రే ఉంది. రాయ్‌పూర్ రైలు మార్గం చీలే విజయనగరంలోనే గురజాడ 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలమెక్కింది. అప్పట్లో కొన్ని కుటుంబాల్లో పిల్లను ఇచ్చేవాళ్లే సొమ్ము పుచ్చుకునేవారు. మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో అలాంటి పెళ్లిళ్ల జాబితా రాయిస్తే మూడేళ్లకు వెయ్యికి పైగా తేలాయని గురజాడ తన పీఠికలో రాశారు. పెళ్లిలో చేతులు మారే డబ్బును తెలుగునేల మీద లెక్కపెట్టి చూసిన తొలి ప్రయత్నాల్లో దాన్ని చేర్చాలి. తర్వాత ఒక తరం తిరిగేసరికి డబ్బు ఎదురు దిక్కుకు నడవడం మొదలైంది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' నాటకం దాని మీదే. 1939లో అది సినిమాగా కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. కేంద్ర చట్టం 1961లో వచ్చింది. పెళ్లిలో వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి, సంతకాలు చేసి ఉంచుకోవాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితా రాసిన ఇల్లు నాకు ఇంతవరకు కనబడలేదు.

కట్నం ఇచ్చే ఇంట్లో పెళ్లి బడ్జెట్ అనే మాటకు అర్థం లేదు. అంకె అవతలివాళ్లది, అప్పు ఇవతలివాళ్లది. ఈ వ్యాసంలో చెప్పే మిగతా జాగ్రత్తలన్నీ ఆ లావాదేవీ లేని ఇళ్లకే పనికొస్తాయి. ఉన్న ఇళ్లకు చట్టం ఉంది.

ఇక మొదటి ప్రశ్న, ఎందరు. మూడు వందల మంది అనుకుని, చివరకు నాలుగు వందల మంది వచ్చారనుకుందాం. ప్లేటు 600 రూపాయల చొప్పున ఆ వంద మంది భోజనం అరవై వేలు. అక్కడితో ఆగితే బాగానే ఉండును. తిరుగు కానుక నూట యాభై చొప్పున పదిహేను వేలు. ఊరి నుంచి వచ్చినవాళ్లు అందులో నలభై మంది ఉంటే గదులు, ఉదయం టిఫిన్లు, స్టేషను నుంచి తెచ్చే బండ్లు. అందులో పది కుటుంబాలు దగ్గరివాళ్లయితే పెట్టుబడి చీరలు, పంచెలు. వంద మంది వల్ల పెరిగింది అరవై వేలని రాసుకున్నవాళ్లు లక్ష దాటాక తలపట్టుకుంటారు. దీనికి మందు ఒకటే. హాలు చూడ్డానికి వెళ్లకముందే పేర్లు రాయాలి. సంఖ్య కాదు, పేర్లు. "ఒక మూడొందలుంటారు" అని నోటితో అనుకున్నది కాగితం మీద పెడితే నాలుగొందల యాభై అవుతుంది. ఆ దెబ్బేదో ముందే తగలడం మంచిది.

రాయ్‌పూర్‌లో ఇంకో చిక్కు. ఇక్కడి పరిచయస్తులు రాత్రి విందుకు వస్తారు, వరమాల చూసి, చాట్ తిని, కవరు ఇచ్చి వెళతారు. మన బంధువులు ముహూర్తానికి కూర్చుంటారు, తర్వాత ఆకులో వేడన్నం, పప్పు, పులుసు, ఆవకాయ, గడ్డ పెరుగు కోరతారు. రెండు గుంపులకూ రెండు పూటలా రెండు రకాల వంటలూ పెట్టించే ఇళ్లున్నాయి. పనీర్ కౌంటరు పక్కనే పులిహోర, గులాబ్ జామ్ పక్కనే బొబ్బట్లు. సగం మిగిలిపోతుంది. రెండు పూటలకు రెండు జాబితాలు వేరుగా రాసి, ఏ పూట ఎవరు తింటారో వాళ్లకు తగిన వంట ఒక్కటే పెడితే చాలు. రాత్రి విందుకు వచ్చిన సింధీ పొరుగాయన బొబ్బట్టు లేదని అలగడు. బియ్యం కూడా కోనసీమ నుంచి తెప్పించాలా అని అడిగేవాళ్లుంటారు. ధాన్యపు గిన్నె అని పేరున్న రాష్ట్రంలో ఉండి, నగరీ దుబ్‌రాజ్ బియ్యానికి భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న చోట ఆ లారీ బాడుగ దండగ.

మంది ఎక్కువైతే చెడ్డదా అంటే, పరిశోధన అలా చెప్పడం లేదు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియలోన్ పెళ్లయినవాళ్లను మూడు వేలకు పైగా మందిని ప్రశ్నించి 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. పెళ్లికీ ఉంగరానికీ ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్లలో విడాకులు ఎక్కువగా కనిపించాయి. పెళ్లికి ఎక్కువమంది వచ్చినవాళ్లలో మాత్రం తక్కువ. అది అమెరికా సంగతి, పైగా రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. అయినా మన పెద్దల పద్ధతికి అది దగ్గరగానే ఉంది. నలుగురూ రావాలి, వచ్చినవాళ్లకు పప్పన్నం పెట్టాలి. ఒక్కొక్కరి మీద పెట్టే ఖర్చు తగ్గిస్తే ఎక్కువమందిని పిలవచ్చు. వీఐపీ రోడ్డు ప్యాకేజీలు దీనికి ఎదురు నడుస్తాయి. ప్లేటు ధర పెంచి, ఆపైన మనుషుల్ని తగ్గించుకోమంటాయి.

మరో అధ్యయనం మన ప్రాంతానికి దగ్గరిది. ఫ్రాన్సిస్ బ్లాక్, విజయేంద్ర రావు, సోనాల్డే దేశాయ్ కర్ణాటక పల్లెల్లో కుమ్మరి కుటుంబాల పెళ్లిళ్లు పరిశీలించి 2004లో రాశారు. ఊళ్లోవాళ్లకు తెలియని బయటి సంబంధం, మంచి సంబంధం దొరికినప్పుడు వేడుక పెద్దదవుతుందని వాళ్లు గమనించారు. ఎంత గొప్ప ఇంటికి పిల్లనిచ్చామో ఊరికి చాటే మార్గం వేడుకే మరి. వలస వచ్చిన తెలుగింటికి ఇది రెండు వైపులా వర్తిస్తుంది. సొంతూరికి, "రాయ్‌పూర్ వెళ్లి బాగుపడ్డాం" అని చూపించాలి. రాయ్‌పూర్‌కు, "మాకూ వెనక ఇంత బంధుబలగం ఉంది" అని చూపించాలి. రెండు సభలు, రెండు బిల్లులు. దీన్ని తప్పుపట్టను. ఏ రూపాయి వేడుకకు, ఏ రూపాయి చాటింపుకు పోతోందో ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటే చాలు. చాటింపు పద్దును తగ్గించవచ్చు, ఎవరూ ఆకలితో వెళ్లరు.

రెండో ప్రశ్న, ఎప్పుడు. దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ రాయ్‌పూర్ తెలుగువాళ్లకు డబ్బు ఎక్కువ మిగిలేది ఇక్కడే. హాలు మేనేజరు రేటు చెప్పే ముందు పంచాంగం చూస్తాడు. ఆయన పంచాంగం వేరు, మనది వేరు. ఉత్తరాది లెక్కలో ఆషాఢ శుద్ధ ఏకాదశికి దేవుడు నిద్రపోయి కార్తీక శుద్ధ ఏకాదశికి, అంటే దేవ్‌ఉఠనీకి, లేస్తాడు. ఆ నాలుగు నెలలూ పెళ్లిళ్లుండవు. దేవ్‌ఉఠనీ రాగానే ఊరంతా ఒక్కసారి పెళ్లిపందిరి అవుతుంది. వేసవిలో అక్షయ తృతీయ, ఇక్కడివాళ్లు 'అక్తీ' అంటారు, ఆ రోజు హాలు, పంతులు, బ్యాండు, గుర్రం ఏదీ దొరకదు. దొరికినా రెట్టింపు చెబుతారు. మనకు ఆషాఢం, భాద్రపదం పనికిరావు గానీ శ్రావణం చక్కటి పెళ్లి మాసం. అంటే శ్రావణంలో తెలుగు ముహూర్తం ఉన్న రోజు వీఐపీ రోడ్డులో సగం హాళ్లకు తాళాలుంటాయి. బేరం మన చేతిలో ఉంటుంది. హాలొక్కటే కాదు. టెంట్ హౌస్, ఫొటోగ్రాఫర్, క్యాటరర్, డెకరేషన్ అందరూ ఖాళీయే. ఫాల్గుణంలో హోలీకి ముందు ఎనిమిది రోజులు, హోళాష్టకం అని, ఇక్కడివాళ్లు శుభకార్యాలు పెట్టుకోరు. మన పంచాంగంలో ఆ రోజుల్లో ముహూర్తం పడితే అదీ లాభమే.

శ్రావణానికి ఒక లోటుంది, వాన. రాయ్‌పూర్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు గట్టిగా ఉంటాయి. గార్డెన్ తీసుకుని వాటర్‌ప్రూఫ్ టెంటు వేయిస్తే మిగిలిందంతా దానికే పోతుంది. కప్పున్న హాలు, కుల సంఘాల సామాజిక్ భవనం, లేదా మంగళ్ భవనం చూసుకోవాలి. ఇలాంటి భవనాలు ఊళ్లో చాలానే ఉన్నాయి. కుర్చీలు, వంటపాత్రలతో సహా ఇచ్చేవీ ఉన్నాయి. ఫొటోల్లో గొప్పగా పడవని పిల్లలు ముఖం చిట్లిస్తారు. ఫొటోలకు తెలీబంధా చెరువు గట్టుందని సర్దిచెప్పవచ్చు.

గంటల లెక్క కూడా చూసుకోవాలి. ఇక్కడి హాళ్లు రాత్రి పెళ్లికి అలవాటుపడ్డవి. చాలాచోట్ల మధ్యాహ్నం తాళాలిచ్చి మర్నాడు ఉదయం ఖాళీ చేయమంటారు. తెల్లవారి ఆరింటికి ముహూర్తం, పన్నెండింటికి భోజనాలు అనే తెలుగు పెళ్లి అలాంటి హాల్లో రెండు రోజుల అద్దెలోకి పోతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే గంటలు కాగితం మీద రాయించుకోవాలి. రాత్రి ముహూర్తమైతే హాలు కలిసొస్తుంది గానీ రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. డీజేల రొద మీద ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంత తానే కేసు చేపట్టి అధికారుల్ని మందలించిన రాష్ట్రమిది. పదింటి తర్వాత మోగని డీజేకి అర్ధరాత్రి దాకా డబ్బు కట్టకండి. సన్నాయి మేళానికి మైకు అక్కర్లేదు.

మూడో ప్రశ్న, ఎక్కడ. సొంతూళ్లో చేస్తే హాలు, వంట చౌక. రాయ్‌పూర్ స్నేహితులు రారు, వాళ్లకు వేరుగా రిసెప్షన్ ఇవ్వాలి. రాయ్‌పూర్‌లో చేస్తే ఊరి జనం వస్తారు, వాళ్లకు రైలు టిక్కెట్లు, గదులు చూడాలి. విశాఖ నుంచి సమతా, కోర్బా ఎక్స్‌ప్రెస్‌లున్నాయి. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ కూడా నడుస్తోంది. ముసలివాళ్లకు సౌకర్యమే, టిక్కెట్టు ధర మాత్రం వేరు. రెండు చోట్లా వేడుక చేసే ఇళ్లు ఖర్చులో సగం సగం అవుతుందనుకుంటాయి. అలా జరగదు. వంట, మండపం, ఫొటోలు, బట్టలు రెండుసార్లూ పూర్తిగానే అవుతాయి, మనుషులే సగమవుతారు. నన్నడిగితే ఒక ఊరే ఎంచుకోవాలి. రెండో ఊళ్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని ఇంట్లోనే భోజనం పెట్టాలి. దానికి ఎవరూ పేరు పెట్టరు. మరో మాట, శుభలేఖలో చిరునామా రాసేటప్పుడు తెలీబంధా, తాటీబంధ్ వేరని పెద్దక్షరాల్లో అచ్చు వేయండి. తాటీబంధ్ ఎయిమ్స్ ఉన్న పడమటి కొస, తెలీబంధా తూర్పు కొస. పెళ్లివారి బస్సు ముహూర్తం వేళకు ఊరి రెండో చివర తేలితే ఆ డీజిలు కూడా మన పద్దులోదే.

ఏ ఊరూ అక్కర్లేదనుకునేవాళ్లకు మూడో దారి గుడి. తిరుమలలో పాపవినాశనం దారిలోని కల్యాణవేదికలో టీటీడీ 2016 నుంచి పురోహితుణ్ణి, మంగళవాద్యాన్ని ఉచితంగా ఇచ్చి పెళ్లిళ్లు చేయిస్తోంది. అన్నవరం, సింహాచలం మన వాళ్లకు ఎప్పటి నుంచో పెళ్లి కొండలే. అసలు తంతే వద్దనుకున్నా తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే వివాహ విధి రాసి పెళ్లిళ్లు చేయించారు. కమ్యూనిస్టు ఇళ్లల్లో దండల పెళ్లిళ్లు జరిగాయి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు ఉంటే రిజిస్ట్రారు ఆఫీసులోనే పెళ్లి అయిపోతుంది.

బంగారం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇది బడ్జెట్‌లో అన్నిటికన్నా పెద్ద పద్దు, పైగా మన చేతిలో లేనిది. 2025 జనవరి మొదట్లో పది గ్రాములు ఎనభై వేల లోపే ఉండింది. అక్టోబరులో లక్షా ఇరవై వేలు దాటింది. జనవరిలో నిశ్చితార్థం చేసుకుని, దీపావళి తర్వాత పెళ్లికి రూపాయల్లో బడ్జెట్ రాసుకున్న ఇళ్లన్నీ ఒకే చోట దెబ్బతిన్నాయి. బంగారాన్ని గ్రాముల్లో రాసుకోవాలి, మాట అయిన రోజు నుంచే కొద్దికొద్దిగా కొనాలి. ఎన్ని గ్రాములన్నది కూడా విడమరిచి మాట్లాడుకోవాలి. కోస్తా బంధువు ఇరవై కాసులంటే ఎనిమిది గ్రాముల చొప్పున 160 గ్రాములు. రాయ్‌పూర్ సదర్ బజారులో ఇరవై తోలాలంటే పది గ్రాముల చొప్పున 200. తేడా 40 గ్రాములు. 2025 అక్టోబరు ధరలో దాదాపు అయిదు లక్షలు. ఒక హాలు, ఒక పూట భోజనాలు అందులో వచ్చేస్తాయి. నగ కొంటే మొత్తం విలువ మీద 3 శాతం జీఎస్టీ. పాత బంగారం ఇచ్చి చేయించుకుంటే మజూరీ మీద 5 శాతం. 2023 ఏప్రిల్ నుంచి ప్రతి నగ మీదా ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్య ఉండాలి. అమ్మమ్మ గొలుసు కరిగించి చేయించుకోవడం నామోషీ అనుకునే ఇంటికి ఇప్పటి ధరలే బుద్ధి చెబుతాయి.

చీరలకు మన వాళ్లు విశాఖ, విజయనగరం పరుగెడతారు. పెళ్లికూతురి పట్టుచీర కోసం వెళితే వెళ్లండి. పెట్టుబడి చీరలకు పండ్రీ బట్టల మార్కెట్ చాలు. చాంపా కోసా పట్టు ఇక్కడి నేత. ఊరి బంధువులకు అదే పెడితే కొత్తగా ఉంటుంది.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అన్నదానికి త్వరగా చెప్పదగ్గవి కొన్నే. ఆడపిల్లకు పదేళ్లలోపు సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఉంటే పద్దెనిమిది నిండాక పెళ్లికి నెల ముందు నుంచి మూడు నెలల తర్వాత దాకా మూసి తీసుకోవచ్చు. ఉద్యోగులకు పీఎఫ్ నుంచి పెళ్లికి డబ్బు తీసుకునే వీలుంది. ఏడేళ్ల సర్వీసు, సగం వాటా అనే పాత షరతుల్ని సడలించాలని 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ బోర్డు నిర్ణయించింది. తీసుకోవడం సులువైంది కదాని తీసుకుంటే పెళ్లి అయ్యేది కూతురిది, ముసలితనం గడవాల్సింది తండ్రిది. పేద కుటుంబాలకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ముఖ్యమంత్రి కన్యా వివాహ్ యోజన కింద 50,000 రూపాయల మేర సాయం చేస్తోంది. తెలంగాణ కల్యాణలక్ష్మి 2014లో 51,000తో మొదలై 2018లో 1,00,116కి చేరింది. అది తెలంగాణలో నివాసం ఉన్నవాళ్లకే. నగదు చెల్లింపుల్లో జాగ్రత్త. 2017 నుంచి ఒకే వేడుకకు ఒకరి దగ్గర రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే ఆదాయపు పన్ను శాఖ పుచ్చుకున్నవాళ్ల మీద అంతే మొత్తం జరిమానా వేయగలదు. కాబట్టి హాలు, క్యాటరర్ బిల్లులు బ్యాంకు ద్వారానే కట్టండి. హాలు అద్దె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, కొటేషన్లో అది కలిసి ఉందో లేదో అడగండి.

చదివింపుల్ని ఆదాయంగా రాసుకోకండి. ఛత్తీస్‌గఢీ పెళ్లిలో 'టికావన్' అని ఉంటుంది. వధూవరులకు బొట్టు పెట్టి డబ్బో గిన్నెలో ఇస్తారు. మన చదివింపులకు తోబుట్టువే. రెండిట్లోనూ వచ్చిన ప్రతి నూటపదహారూ మళ్లీ వాళ్లింటి పెళ్లికి కొంచెం పెంచి తీర్చాల్సిన బాకీ. అది రాసే పుస్తకం అప్పుల పుస్తకమే. "కవర్లలో వస్తుందిలే" అని క్యాటరర్‌కు బాకీ పెట్టిన ఇల్లు రెండుసార్లు అప్పు పడుతుంది.

ఇక రాసుకున్న బడ్జెట్ దాటిపోవడం గురించి. బంగారం వదిలేస్తే పెద్ద పద్దులు దాటడం తక్కువ. హాలు రేటు హాలు రేటే. దాటేవి రాయని పద్దులు. ఎదురుకోలు, ఆడపడుచు లాంఛనం, అలక పాన్పు, పురోహితుడి సంభావన, బ్యాండువాళ్ల నేగ్, జనరేటర్ డీజిలు, మంచినీళ్లు, ఐసు, చివరి నిమిషం పూలు. ఇవి ఒక్కొక్కటీ చిన్నవి. వరసగా వేసి కూడితే లక్షల్లో తేలతాయి. వీటిని ఖర్చు అనడానికి కూడా నోరు రాదు, మర్యాద అంటాం. మర్యాదకు కూడా ఒక పద్దు రాసి, దాని పక్కన అంకె వేయాలి. మొత్తం బడ్జెట్‌లో పదో వంతు ఎవరికీ చెప్పకుండా విడిగా ఉంచాలి.

బడ్జెట్ దాటడానికి రెండో కారణం, మాట ఇచ్చేవాళ్లు ఎక్కువ కావడం. తండ్రి టెంట్ హౌస్‌కు చెబుతాడు, బాబాయి బ్యాండుకు చెబుతాడు, పెళ్లికూతురు ఫోన్లోనే మెహందీ ఆవిడకు అడ్వాన్సు పంపేస్తుంది. ఎవరికీ మొత్తం తెలియదు. ఒక్కరి దగ్గరే డబ్బు, ఒక్కరి దగ్గరే పుస్తకం ఉండాలి. ఆ ఒక్కరు పెళ్లికూతురి తండ్రి కాకూడదు. కన్న తండ్రి చేత ఆ పది రోజుల్లో వద్దనిపించడం అయ్యే పని కాదు. మేనమామో, పెద్దక్కో ఉండాలి. "మామయ్యనడుగు" అనే మాట ఇంట్లో వినబడుతుంటే ఆ పెళ్లి లెక్కలోనే ఉందన్నమాట. ఏదైనా కొత్తగా కలపాలంటే ఉన్నదాంట్లో ఒకటి తీసేయాలన్న షరతు మామయ్య పెట్టాలి. డ్రోను కావాలా, అయితే సంగీత్ స్టేజి చిన్నదవుతుంది.

ప్రభుత్వమే కట్టడి చేయకూడదా అనే వాదన పాతదే. రంజీత్ రంజన్ లోక్‌సభ సభ్యురాలిగా ఉన్నప్పుడు అయిదు లక్షలు దాటి ఖర్చు పెట్టేవాళ్లు అందులో పదో వంతు పేదపిల్లల పెళ్లిళ్లకు ఇవ్వాలని ప్రైవేటు బిల్లు తెచ్చారు. ఆమె 2022లో ఛత్తీస్‌గఢ్ నుంచే రాజ్యసభకు వెళ్లారు. తర్వాత జస్‌బీర్ సింగ్ గిల్ వంద మంది అతిథులు, పది వంటకాలు అనే హద్దుతో లోక్‌సభలోనే మరో ప్రైవేటు బిల్లు పెట్టారు. ఏదీ చట్టం కాలేదు. జమ్మూ కశ్మీర్‌లో 2017లో ఆడపిల్ల పెళ్లికి 500 మందిని మించకూడదని ఉత్తర్వు ఇచ్చారు, అదీ నిలబడలేదు. పాకిస్తాన్ పంజాబ్‌లో ఒకే కూర చట్టం ఉంది. తజికిస్తాన్ 2007లో అతిథుల సంఖ్యకు, వేడుక గంటలకు కూడా హద్దు పెట్టింది. పోలీసు వచ్చి విస్తళ్లు లెక్కపెట్టే పెళ్లి మనకు వద్దు. ఛత్తీస్‌గఢ్‌లోనే సాహూ సమాజం లాంటి కుల సంఘాలు జరిపే సామూహిక ఆదర్శ వివాహాలకు ఇంతకన్నా ఎక్కువ బలముంది. అక్కడ హద్దు పెట్టేది తోటివాళ్లు. ఒకే పందిట్లో అందరికీ ఒకే భోజనం గనక ఎవరి పరువూ పోదు.

రాయ్‌పూర్, భిలాయి తెలుగు సంఘాలవాళ్లకు ఒక విజ్ఞప్తి. ఏటా ఉగాదికి సభ్యుల్ని పిలిచి పంచాంగం చదివిస్తారు కదా. ఆ రోజే ఏడాది తెలుగు ముహూర్తాల్లో ఉత్తరాది లగ్గాలు లేని తేదీలేవో, ఏ హాలు ఏ గంటకు తాళాలిస్తుందో, ఏ సామాజిక్ భవనం ఎంత తీసుకుంటుందో, తెలుగు వంట చేసే మేస్త్రీలెవరో ఒక్క కాగితం మీద అచ్చు వేసి పంచండి. పెళ్లీడు పిల్లలున్న ఇళ్లకు ఆ కాగితం పనికొచ్చినంతగా శాలువాలు, జ్ఞాపికలు పనికిరావు.